వేడి తెలియని తీగ

మా నాన్న ఉద్యోగం చేసినంత కాలంలో ఒక్కసారే రైలు ఆపాడు. అందుకు ఆయనకు ఛార్జిషీటు ఇచ్చారు. అందులో రెండు నేరాలున్నాయి. ఒకటి, కారణం లేకుండా ప్యాసింజరు బండిని నలభై నిమిషాలు నిలిపివేయడం. రెండు, డ్యూటీలో ఉండగా ప్రార్థన చేసుకోవడం. మొదటిది అబద్ధం, రెండోది నిజం. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో తేల్చడానికి నాకు పదహారేళ్ళు పట్టింది. అందులో చివరి ఐదేళ్ళు పీహెచ్‌డీ.

నాన్న కీమేన్. భుజాన సుత్తి, చంకలో చుట్టిన జెండాలు పెట్టుకుని రోజూ తన వంతు పట్టాల వెంట నడిచేవాడు. పట్టాని బిగించి ఉంచే ఇనుప చావీలు ఊడొస్తే వాటిని కొట్టి కూర్చోబెట్టి, వదులైన బోల్టులు బిగించి ఇంటికొచ్చేవాడు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మాది చివరి వరస. ఆ వరసంతా మావాళ్ళే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలుదారి వేసే గాంగు పనికి బయల్దేరి, పట్టాలు ఎక్కడిదాకా వేస్తే అక్కడిదాకా వచ్చి, హౌరా దగ్గర నది అడ్డం రావడంతో ఆగిపోయినవాళ్ళు. వరస చివర రేకుల కప్పుతో మా తెలుగు చర్చి ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, స్టేషన్లో హిందీ మాట్లాడుతూ పెరిగాను. తెలుగు అక్షరాలు నాకు చర్చి పాటల పుస్తకంలోంచి వచ్చాయి. అందుకే ఇప్పటికీ తొందరలో రాస్తే 'యొక్క'లు ఎక్కువ పడతాయి.

వేసవిలో నాన్నకు ఇంకో పని కూడా ఉండేది. ఎండకి ఇనుము సాగుతుంది కాబట్టి పట్టాకీ పట్టాకీ మధ్య చిన్న సందు వదులుతారు. ఎండ ముదిరితే ఆ సందులు మూసుకుంటాయి. అవి మూసుకున్నాయని ఎండ ఆగదు. పట్టాకి సాగడానికి చోటు ఉండదు గానీ, సాగాలన్న బలం మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. అది హద్దు దాటితే పట్టా పక్కకి వంకర తిరిగిపోతుంది. దానిమీదికి బండి వస్తే ఏమవుతుందో మా వరసలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పట్టా వేడి చూడడానికి గాంగుకి ఒక థర్మామీటరు ఇచ్చారు. అది గాంగు పెద్ద అయిన మేటు దగ్గర, ఆయన పెట్టెలో, బట్టలో చుట్టి, తాళం వేసి ఉండేది. పగిలిపోతే జవాబు చెప్పుకోవాలని ఎవరూ బయటికి తీసేవారు కాదు. దాన్ని నేను చూసింది ఒకే ఒక్కసారి, క్రిస్మస్‌కి పెట్టెలన్నీ తెరిచి దులిపినప్పుడు.

థర్మామీటరు లేని నాన్నకు అరచెయ్యి ఉంది. పట్టా మీద అరచెయ్యి ఆనించి, ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టేవాడు. అందులో దేవుడి నామం, రాజ్యం, అనుదిన ఆహారం, తప్పుల క్షమాపణ, ఆమెన్ ఆ వరసలో వస్తాయి. ఎప్పుడూ ఒకే వేగంతో చెప్పేవాడు. చెయ్యి ఎక్కడ తట్టుకోలేకపోతే అక్కడ తీసేసేవాడు. ఏప్రిల్ మామూలు ఎండలో అనుదిన ఆహారం దాకా వెళ్ళేవాడు. తప్పులు క్షమించే మాట వానాకాలం తర్వాతే వచ్చేది. డిసెంబరులో ఆమెన్ దాకా పూర్తిగా చెప్పి, చెయ్యి దులుపుకుని లేచేవాడు. రాజ్యం దగ్గరే చెయ్యి వచ్చేసిందంటే ఆ మధ్యాహ్నం ఇంటికి అన్నానికి రాడని అమ్మకు తెలుసు. ఇది ఆయనకు భక్తో కొలతో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగినా ఆయనకు ప్రశ్న అర్థమయ్యేది కాదనుకుంటాను.

రైలు ఆపిన రోజు నాకు పదకొండేళ్ళు. నేను అక్కడ లేను, బడిలో భిన్నాలు చేస్తున్నాను. యార్డు దాటాక వచ్చే వంపు దగ్గర నాన్న చెయ్యి పెట్టాడు. నామం దాటి, రాజ్యం మాట ఎత్తుకోకముందే చెయ్యి వచ్చేసింది. చూస్తే వరసగా సందులన్నీ మూసుకుని ఉన్నాయి. సుత్తితో తడితే మోత వేరుగా వచ్చిందట. వచ్చే బండికి ఎదురుగా పరుగెత్తి ఎర్రజెండా విప్పాడు.

ఆ రోజుల్లో కలకత్తా చుట్టుపక్కల ఎర్రజెండా లేని గోడ ఉండేది కాదు. నేను పుట్టిన ఏడాది వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వమే అప్పుడూ ఉంది, నేను పరిశోధనలో చేరేనాటికీ ఉంది. ఎర్రజెండా చూసి ఎవరూ ఆగేవారు కాదు. బండి మాత్రం ఆగింది.

జనం దిగారు. నాన్నను డ్రైవరు తిట్టాడు, గార్డు తిట్టాడు, ఆఫీసుకి ఆలస్యమైన వాళ్ళు వంతులవారీగా తిట్టారు. పట్టా మీద నీళ్ళు పోయించి, నలభై నిమిషాల తర్వాత బండిని నడక వేగంతో పంపించారు. మూడున్నరకి కాల్‌బైశాఖి వచ్చింది. ఆ ఊళ్ళో వేసవి సాయంత్రాల్లో వచ్చే గాలివాన అది. అరగంటలో ఊరు చల్లబడిపోయింది. ఐదింటికి ఇన్‌స్పెక్టరు తీరిగ్గా వచ్చి, మేటుని వెంటబెట్టుకుని సందులు కొలిచాడు. ఒక్కొక్కటి పుస్తకంలో రాసినట్టు ఉంది. కొలతలు సరిగ్గా ఉన్నాయని మేటు సాక్షి సంతకం పెట్టాడు.

నీకెలా తెలిసిందని ఇన్‌స్పెక్టరు అడిగాడు. నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రార్థనలో రాజ్యం మాట రాకముందే చెయ్యి తీసేశానన్నాడు. ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. రెండో నేరం అలా పుట్టింది.

ఆ ఛార్జిషీటుతో, మేటు కావలసిన నాన్న కీమేన్‌గానే ఉండిపోయాడు. అది ఆయన పట్టించుకోలేదు. మా వరసలో ఆయనకు 'ప్రార్థన కీమేన్' అని పేరు పడింది. అది మాత్రం పట్టించుకున్నాడు. పిల్లలు ఆయన్ని చూస్తే రోడ్డు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. వాళ్ళలో ఇద్దరిని నేను కొట్టాను. నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు.

మేటు మీద నాకున్న కోపం వేరు. ఆయన మా చర్చి పెద్ద. నాన్న ఆయన్ని 'అన్నా' అని పిలిచేవాడు. ఆయన అబద్ధం చెప్పి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఐదింటికి ఏముందో అదే చెప్పాడు. మా చర్చిలో ఆరాధన అయిపోగానే ఒకరికొకరు చేతులు కలిపి వందనాలు చెప్పుకుంటారు. ఆ రోజు తర్వాత నాన్న ముగింపు ప్రార్థనలోనే లేచి బయటికి వెళ్ళి చెప్పులు వేసుకునేవాడు. పదహారేళ్ళపాటు, లోపల అందరి వందనాలూ అయ్యేదాకా ఆయన చెప్పులు వేసుకోవడం తెమిలేది కాదు.

నేను ఫిజిక్సు చదివింది ప్రేమతో కాదు. పట్టా లోపల ఏముందో చెప్పే పరికరం ఒకటి ఉండాలి, అది మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడే ఉండాలి, దానికి ప్రార్థన రాకూడదు అనుకుంటూ చదివాను. అలా వెళ్ళి వెళ్ళి, నది అవతల ఒక పరిశోధనాలయంలో గాజు తీగల దగ్గర తేలాను.

వెంట్రుకంత సన్నని గాజు తీగ లోపల, ఒక అంగుళం మేర, సమానమైన ఎడంతో వేల గీతలు పడేలా చేస్తారు. దాన్ని గ్రేటింగ్ అంటారు. తీగలోకి వెలుగు పంపితే ఆ గీతలు ఒకే ఒక రంగుని వెనక్కి తిప్పి పంపుతాయి, మిగతాది పోనిస్తాయి. తీగని లాగితే గీతల ఎడం పెరిగి, తిరిగొచ్చే రంగు కొంచెం మారుతుంది. ఆ మార్పుని కొలిస్తే తీగ అంటించిన వస్తువు ఎంత సాగిందో తెలుస్తుంది. వంతెనకి అంటించవచ్చు, పట్టాకి అంటించవచ్చు. అంతా బాగుంది కదా అనుకునే లోపల దాని రోగం బయటపడింది. వేడెక్కినా రంగు మారుతుంది. లాగారా, వెచ్చబెట్టారా అని తీగని అడిగితే ఏదో ఒకటి జరిగిందని మాత్రం చెబుతుంది.

నా పని ఆ రోగం కుదర్చడం. తీగకి వేడి తెలియకుండా చెయ్యాలి.

మొదటి ఏడాదిలోనే నాకు అద్భుతమైన ఫలితం వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మా సారు బెంగాలీ పెద్దమనిషి, గొంతు పెంచని మనిషి, ఆ రోజు గొంతు పెంచారు. గ్రాఫు కాపీలు తీయించి గోడకి అంటించారు. మళ్ళీ అలాంటి గీత రాలేదు. రెండు నెలల తర్వాత ఇంకోటి వచ్చింది. తారీఖులు సరిచూస్తే రెండూ బంద్ రోజులు. బంద్ నాడు బస్సు లేదు, రైలు లేదు, లేబరేటరీకి ఎవరూ రాలేదు. తాళం వేసిన గదిలో యంత్రం తన పాటికి తాను రాసుకుంటూ పోయింది. మేము పరీక్షించింది తీగని కాదు, బంద్‌ని.

మామూలు రోజుల్లో గీత మీద పదకొండింటికి ఒక దిబ్బ, నాలుగింటికి ఒక దిబ్బ వచ్చేవి. టీ తెచ్చే దాదా కెటిల్ని పెట్టేది ఆ బల్ల మీదే. గదిలోకి టీ రాకూడదని సారు నోటీసు పెట్టారు. ఉద్యోగుల సంఘం వాళ్ళు మర్నాడే దానిపక్కన పెద్ద నోటీసు పెట్టారు. సారు తన నోటీసు తానే తీసేసి నన్ను పిలిచారు.

"టీ సంగతి తెలియని సెన్సర్ తయారుచెయ్యి" అన్నారు.

మా అమ్మకు ఈ విషయం ఇంట్లో చెప్పడం నా పొరపాటు. మా చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు చెప్పుకునే అలవాటు ఉంది. జ్వరాలు, బదిలీలు, తాగుడు మానని మొగుళ్ళు అయ్యాక అమ్మ లేచి, "మా గుంట తీగ ఎండకి కదలకుండ ఉండీటట్టు అందరూ ప్రార్థన సెయ్యండి" అని కూర్చునేది. మా మాటలో గుంట అంటే ఆడపిల్ల. నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం ఒక సంఘమంతా కలిసి ఫైబర్ గ్రేటింగ్ ఉష్ణ స్పందన తగ్గాలని మోకాళ్ళూనింది. ప్రపంచంలో ఇంకెక్కడా ఇది జరిగి ఉండదు.

ఉపాయం చివరికి చాలా మామూలుది. బట్టలారేసే తీగని రెండు గుంజల మధ్య బిగించి కట్టామనుకోండి. గుంజలు ఒకదానివైపు ఒకటి కొంచెం జరిగితే తీగ వదులవుతుంది. గాజు తీగని అలాగే ముందే బిగించి, వేడికి దాదాపు సాగని లోహపు పలక మీద పెట్టాను. తీగ చివర్లు పట్టుకున్న చేతులు రెండూ అల్యూమినియంవి. వేడెక్కితే అల్యూమినియం లోపలివైపు సాగుతుంది, తీగ వదులవుతుంది. వేడి రంగుని ఎంత అటు నెడితే, వదులవడం అంత ఇటు లాగుతుంది. రెండూ సరిపోతే రంగు కదలదు. ఆ సరిపోవడం కోసం హౌరాలో ఒక లేత్ పనివాడి చేత ఇరవై ఏడు జతల చేతులు చేయించాను. ఆయన ప్రతిదీ తేడా లేకుండా చేశాడు. తేడా అంతా నా జిగురులో ఉందని తెలిసేసరికి ఏడాదిన్నర పోయింది. వేడికి జిగురు లోలోపల జారుతోంది. జిగురు మానేసి లోహంతో అతికాక, ఒక గురువారం, టీ వచ్చింది. దాదా కెటిల్ దించాడు. గీత కదల్లేదు. నేను ఆయన చేతిలో కప్పు లాక్కుని సెన్సర్ పక్కనే పెట్టాను. అప్పటికీ కదల్లేదు. దాదా నన్ను అదోలా చూసి, ఆ రోజు నుంచి నా టీ గుమ్మం దగ్గరే ఇచ్చి వెళ్ళిపోయేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. నాన్న అన్నం తింటున్నాడు.

"అయితే ఇప్పుడు దానికి ఎండ తెల్దా?"

"తెల్దు నాన్నా."

"ఎండ తెల్నిది పట్టా గురించి ఏటి సెప్తాది?"

"పట్టా సాగితే సెప్తాది. ఇంకేటీ కలపకుండ అదొక్కటే సెప్తాది."

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి, "సాగితే అందరికీ అవుపడతాది గుంటా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇదంతా ఎవరికోసం చేస్తున్నానో ఆ మనిషే తీసిపారేశాడు. లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయాను. ఆయన మాటలో నిజం ఉందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

పట్టా మీద పరీక్షకి అనుమతి కావాలని సారు ఉత్తరం రాశారు. పద్నాలుగు నెలలకి జవాబొచ్చింది. యార్డులో వాడకం తగ్గిన ఒక లైను మీద, మే నెలలో ఒక్క రోజు చేసుకోవచ్చన్నారు. నాన్న జూన్ ఆఖరున రిటైరవుతున్నాడు. ఆ తర్వాత క్వార్టర్సు ఖాళీ చేసి, ఊరు బయట కొన్న చిన్న ఇంటికి వెళ్ళిపోతాం. సర్వీసు పుస్తకంలో రాసింది ఎవరూ కొట్టెయ్యరని నాకు తెలుసు. నాకు కావలసింది ఒక్కటే. నాన్న ఆ వరస వదిలి వెళ్ళేలోపు, ఆయనకు పేరు పెట్టినవాళ్ళ ముందే ఆయన ఊరికే రైలు ఆపలేదని చూపించాలి. అందుకు నాకు ఒక్క మధ్యాహ్నం ఉంది.

ఆ రోజు మాకు కాపలాగా వేసిన కీమేన్ మా నాన్నే. సారు గొడుగు, టోపీ రెండూ తెచ్చుకున్నారు. ఆ లైను సందుల్లేకుండా అతికిన పొడుగు పట్టా. దానికి కొత్త సెన్సర్ బిగించాను. పక్కనే, తేడా చూపించడానికి, ఏ వైద్యమూ చెయ్యని పాత రకం సెన్సర్ కూడా పెట్టమన్నారు సారు. ఉదయం ఏడింటికి మొదలుపెట్టాం. గంటకోసారి పట్టా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెప్పమని నాన్నని అడిగాను. ఎందుకని సారు అడిగితే ఇక్కడి ఆచారం అన్నాను. ఎక్కడ చెయ్యి తీశాడో నోటుబుక్కులో రాసుకున్నాను. ఏడింటికి ఆమెన్ దాకా వెళ్ళాడు. పదింటికి ఆహారం. పన్నెండున్నరకి రాజ్యం మాట నోట్లోంచి రాకముందే చెయ్యి తీసి ప్యాంటుకి రాసుకున్నాడు.

నేను తెర వైపు చూశాను. పాత సెన్సర్ గీత పొద్దుటి నుంచీ మెట్లెక్కినట్టు ఎక్కుతూనే ఉంది. కొత్తది తిన్నగా, బంద్ నాటి గీతలాగా ఉంది. ఎక్కడా చిన్న వంపు లేదు.

"ఖూబ్ భాలో! ఖూబ్ భాలో!" అని మెచ్చుకున్నారు సారు. గొడుగు కింద పెట్టి నాకు చెయ్యి కూడా ఇచ్చారు.

పట్టా కాలిపోతోంది, నాన్న చెయ్యి రాజ్యం దాకా వెళ్ళలేదు, సరిగ్గా అప్పుడే నా సెన్సర్ ఇక్కడేమీ లేదు అంటోంది. ఐదేళ్ళు కష్టపడి, సంఘం చేత ప్రార్థనలు చేయించి, ఐదింటికి వచ్చిన ఇన్‌స్పెక్టరుని గాజుతో తయారుచేసి మధ్యాహ్నానికి తెచ్చాను. ఇది పుస్తకంలోకి ఎక్కితే నాన్న మీద రెండో సాక్షి సంతకం నాదే అవుతుంది. ఏడుపొచ్చింది. సారు అది సంతోషం అనుకున్నారు.

నాన్న వంగి తెర చూశాడు.

"ఇందల ఏది నివ్వు బాగుసేసింది?"

"ఈ తిన్నగున్నాది."

"మరి ఆ ఎక్కీది?"

"అది పాడుది నాన్నా. ఎండకి కదిలిపోతాది."

"కొత్తది ఏటంతంది?"

"పట్టా ఇసుమంత కూడా సాగనేదు అంతంది. అంటే ఏటీ అవనేదని."

నాన్న నా వైపు చూశాడు. చిన్నప్పుడు భిన్నాలు తప్పు చేస్తే చూసినట్టే చూశాడు. సామాన్లు పెట్టుకునే గుడిసె తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, నన్ను లోపల నిలబెట్టి, తను బయట నిలబడ్డాడు.

"తొయ్యి" అన్నాడు.

నేను తోశాను. ఆయన అటునుంచి తోశాడు. తలుపు మధ్యలో ఆగిపోయింది.

"తలుపు కదిలినాదేటి?"

"నేదు."

"కదల్నేదని మనిద్దరం తొయ్యట్నేదంతావేటి?"

నేను తలుపు వదిలేశాను. ఆయన లోపలికి పడబోయి, నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

అక్కడే మట్టిలో కూర్చుని లెక్క వేశాను. రెండు వైపులా బిగించిన పట్టా వేడెక్కితే సాగలేదు. సాగాల్సిన పొడుగంతా సాగకుండా బలంగా మారి లోపల నిలుస్తుంది. అది ఎంత వేడెక్కిందో నా పాడు సెన్సర్ చెబుతోంది. అది ఇసుమంత కూడా సాగలేదని నా మంచి సెన్సర్ చెబుతోంది. విడివిడిగా రెండూ పనికిమాలినవి. ఒకటి పక్కన ఒకటి పెడితే, పట్టా లోపల ఎంత బలం బిగుసుకుని ఉందో తేలిపోతుంది. గీత ఎంత తిన్నగా ఉంటే ప్రమాదం అంత నిజం. వేడి తెలియని తీగ చేసినందుకు నా ఐదేళ్ళూ పోలేదు. సాగలేదన్న మాట ఒట్టేసి చెప్పగలిగేది అదొక్కటే. దాని పక్కన వేడి తెలిసినది ఒకటి ఉండాలని మాత్రం నాకు తట్టలేదు.

సారు నా లెక్క రెండుసార్లు చదివి, టోపీ తీసి, "ఇది నీకెవరు చెప్పారు?" అన్నారు. కీమేన్ చెప్పాడన్నాను. సారు నాన్న దగ్గరికి వెళ్ళి బెంగాలీలో, "దాదా, మీకెలా తెలుసు?" అని అడిగారు. ఇదే ప్రశ్నకు నిజం చెప్పి ఒకసారి దెబ్బతిన్న నాన్న, ఈసారి తెలియదన్నాడు.

ఇంటికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి ఛార్జిషీటు తీశాను. రాజ్యం మాట రాకముందే చెయ్యి తీశానన్న వాక్యం ఇన్‌స్పెక్టరు చేతిరాతలో పొందిగ్గా ఉంది. నా నోటుబుక్కులో రాజ్యం ఎన్ని డిగ్రీలో, ఆహారం ఎన్ని డిగ్రీలో ఇప్పుడు ఉంది. పదహారేళ్ళలో అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, ప్రార్థన వేగం మారి ఉండొచ్చు. ఆ తప్పులన్నీ నాన్నకి వ్యతిరేకంగానే వేసుకుని మళ్ళీ లెక్క కట్టాను. అయినా ఆ వంపులో, ఆ మధ్యాహ్నం, ఆ పాత పట్టా బండిని మొయ్యగలిగే స్థితిలో లేదు. నేరం అని రాసిన కాగితం మీద ఇన్నేళ్ళూ థర్మామీటరు రీడింగు ఉంది. ఆ రాత్రి నాన్నకి ఏమీ చెప్పలేదు.

అమ్మ అప్పటికే కృతజ్ఞత ప్రార్థన పెట్టించేసింది. తీగ కదల్లేదు కదా, ప్రార్థన ఫలించింది, నేను లేచి సాక్ష్యం చెప్పాలి. జూన్ ఆఖరి ఆదివారం, క్వార్టర్సులో మా చివరి ఆదివారం అది. ఐదేళ్ళ క్రితం రిటైరై కొడుకు క్వార్టర్సులో ఉంటున్న మేటు ముందు బెంచీలో కూర్చున్నాడు. నాన్న వెనక, తలుపుకి దగ్గరగా ఉన్నాడు.

"మీరందరూ ప్రార్థన సేసినారు, తీగ కదల్నేదు" అన్నాను. ఆమెన్ అన్నారు. "తీగ కదలనప్పుడే పట్టా లోపల బిగిసిపోయి ఉన్నాది" అన్నాను. అలవాటుగా దానికీ ఆమెన్ అన్నారు. గుడిసె తలుపు సంగతి చెప్పాను. గంట గంటకీ నాన్న చెయ్యి ఎక్కడిదాకా వెళ్ళిందో నోటుబుక్కు చూసి చదివాను. ఛార్జిషీటులో వాక్యం చదివాను. "ఆ దినం మా నాన్న రైలు ఆపకపోతే ఆ బండి బోల్తా పడీది కాదు అని నాను సెప్పలేను. పడీదనీ సెప్పలేను. ఆపడానికి కారణం నేదన్న మాట మాత్రం తప్పు" అని కూర్చున్నాను.

మేటు కర్ర పట్టుకుని లేచాడు.

"నాను అయిదింటికి సూసినాను" అన్నాడు. "మద్దేన్నం సూడనేదు. సంతకం ఎట్టీసినాను."

కూర్చున్నాడు. పాస్టరుకి ఏం చెయ్యాలో తెలియక పాట నంబరు చెప్పాడు.

ముగింపు ప్రార్థనలో నేను కళ్ళు తెరిచి వెనక్కి చూశాను. నాన్న లేవలేదు. ఆమెన్ అయ్యాక కూడా బెంచీలోనే ఉన్నాడు. మేటు నడుచుకుంటూ వెనక్కొచ్చి రెండు చేతులూ చాచాడు. నాన్న తన కుడి అరచెయ్యి వాటిలో పెట్టాడు. నేను అలవాటుకొద్దీ లోపల ప్రార్థన మొదలుపెట్టాను. రాజ్యం దాటింది. ఆహారం దాటింది. క్షమించడం కూడా దాటింది. నాన్న చెయ్యి తియ్యలేదు. నేను ఆమెన్ దాకా వెళ్ళి ఆగాను.

"సెయ్యి సల్లబడిపోనాదేటన్నా" అన్నాడు నాన్న. "ఎండలోకి రా."